పేరు లేని చేతుల ఊరు

వేల డాలర్ల పైపులను చూసి మురిసిపోతారు. కొనలేరు. అలాంటి చిన్న సేకర్తలు జీవితంలో ఒక్కసారైనా చూడాలనుకునే ఊరు ఒకటుంది ఫ్రాన్స్‌లో. అక్కడ తయారైన పైపులు కోట్లలో ఉంటాయి. వాటిమీద చేసినవాళ్ల పేర్లు మాత్రం కనిపించవు.

జురాసిక్ అనగానే మనకు రాక్షసబల్లులే గుర్తొస్తాయి. ఆ మాట పుట్టింది మాత్రం ఓ కొండల వరుస నుంచి. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దులో నెలవంకలా వంపు తిరిగి ఉండే జూరా పర్వతాలవి. ఆ కొండల నడుమ బియెన్, టకాన్ అనే రెండు చిన్న నదులు కలిసేచోట, లోయ అంచును పట్టుకుని వేలాడుతున్నట్టు కనిపిస్తుంది సెయింట్ క్లోడ్. జనాభా పదివేలు కూడా ఉండదు. మన దగ్గరైతే ఓ పెద్ద పంచాయతీ అనుకోవచ్చు. కానీ ఒకప్పుడు ప్రపంచంలో పైపు నోట్లో పెట్టుకున్న ప్రతివాడికీ ఈ ఊరి పేరు తెలుసు.

ఊళ్లో అడుగుపెట్టినవారిని ఓ భారీ పైపు బొమ్మ పలకరిస్తుంది. కెథెడ్రల్ పక్కనే పైపులకూ వజ్రాలకూ కలిపి ఓ మ్యూజియం ఉంది. అద్దాల అరల్లో మట్టి పైపులు, పింగాణీ పైపులు, తెల్లటి మీర్‌షామ్ రాతి పైపులు, గడ్డాల ముసలాళ్ల ముఖాలు చెక్కిన చెక్క పైపులు బారులు తీరి ఉంటాయి. వాటి ముందు కొందరు గంటల తరబడి నిలబడిపోతారు. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగి, చెక్కమీది గీతల్ని లెక్కపెడుతుంటారు. వాళ్లే సేకర్తలు. అందులోనూ ఎక్కువమంది చిన్న సేకర్తలు. ఇంట్లో పదో పదిహేనో పాత పైపులుంటాయి. మనసులో మాత్రం వేయి ఉంటాయి.

పొగాకు మనకు కొత్తదేమీ కాదు. గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టకు ఊరూరా పేరుంది. కన్యాశుల్కంలో గిరీశాన్ని చుట్ట లేకుండా ఊహించలేం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పండే వర్జీనియా ఆకు దశాబ్దాలుగా విదేశాలకు ఓడ ఎక్కుతోంది. రాజమండ్రిలో పొగాకు పరిశోధనకు 1947లోనే కేంద్ర సంస్థ ఏర్పడింది. అయినా పైపు మనవాళ్లకు అంటలేదు. అది దొరల సరదాగానే ఉండిపోయింది. చుట్టకు వేరే పనిముట్టు అక్కర్లేదు. ఆకే గొట్టం, ఆకే నిప్పు. కాసేపటికి అంతా బూడిద. పైపు అలా కాదు. పొగ పోయాక కూడా మిగులుతుంది. తాత చేతిలోంచి మనవడి చేతిలోకి వస్తుంది. అందుకే దానికి సేకర్తలున్నారు.

భక్తులు తెచ్చిన పని

ఈ ఊరి కథ పొగతో మొదలవలేదు, ప్రార్థనతో మొదలైంది. అయిదో శతాబ్దంలో రోమన్, లుపిసిన్ అనే ఇద్దరు అన్నదమ్ములు ఈ అడవిలో మఠం కట్టుకున్నారు. ఏడో శతాబ్దానికి చెందిన క్లోడ్ అనే సాధువు పార్థివదేహం చెక్కుచెదరకుండా దొరికిందని పన్నెండో శతాబ్దంలో వార్త పాకడంతో జనం కొండలెక్కి రావడం మొదలైంది. రాజులూ వచ్చారు, రాణులూ వచ్చారు. ఊరికి ఆ సాధువు పేరే స్థిరపడిపోయింది.

తీర్థానికి వెళ్లినవాళ్లు ఉత్తచేతులతో తిరిగొస్తారా? జపమాలలు, చిన్న చిన్న చెక్క విగ్రహాలు, డబ్బాలు కావాలి. చుట్టూ అడవి. కిందేమో చక్రం తిప్పడానికి నది నీళ్లు. మంచు కురిసే నెలల్లో పొలం పని ఉండదు. ఇంకేం, ఇంటింటా చెక్కపని మొదలైంది. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్కబొమ్మలు చేసినట్టే ఇక్కడ బాక్స్‌వుడ్ కర్రను తిప్పుతూ పూసలు చేశారు.

తర్వాత ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1794లో సాధువు దేహాన్ని కాల్చేశారు. 1799లో అగ్నిప్రమాదం ఊరినే మింగేసింది. భక్తులు రావడం తగ్గిపోయింది. అయితే చేతుల్లో పని మిగిలింది. ఆ చేతులే నస్యం డబ్బాలవైపు, పైపుల గొట్టాలవైపు, ఆ తర్వాత పైపులవైపు మళ్లాయి. అప్పటికి చిక్కంతా ఒక్కటే. మామూలు చెక్కతో చేసిన పైపు గిన్నె కాలిపోతుంది. మట్టిది పగిలిపోతుంది. నిప్పుకు ఓర్చుకునే చెక్క కావాలి.

నిప్పుకు బెదరని ముడి

ఆ చెక్క 1850ల్లో దక్షిణాది నుంచి వచ్చింది. పేరు బ్రయర్. ఫ్రెంచిలో బ్రుయేర్ అంటారు. మధ్యధరా తీరాన కోర్సికా, ఇటలీ, గ్రీస్, అల్జీరియా కొండల్లో పెరిగే ఎరికా అర్బోరియా అనే తెల్లపూల పొద అది. వేరుకూ కాండానికీ మధ్య, నేలలోపల దానికో బుడిపె పెరుగుతుంది. పొద నీటిని దాచుకునేది అందులోనే. అడవి తగలబడి పైనున్నదంతా మాడిపోయినా మళ్లీ చిగురు వేసేది అక్కడి నుంచే. నిప్పుకు ఓర్చుకోవడం ఆ ముడికి పుట్టుకతో వచ్చిన గుణం!

పైపుకు పనికొచ్చే ముడి తయారవడానికి కనీసం మూడు నాలుగు దశాబ్దాలు పడుతుంది. తవ్వి తీశాక ఎండ తగలకుండా తడిగా ఉంచాలి. లేకపోతే బీటలు వారుతుంది. ముక్కలుగా కోసి, పెద్ద పెద్ద రాగి గంగాళాల్లో గంటల తరబడి ఉడకబెడతారు. లోపలి వగరంతా నీళ్లలోకి దిగిపోతుంది. తర్వాత నెలల తరబడి నీడన నెమ్మదిగా ఆరాలి. తొందరపడితే చెక్క విరుగుతుంది.

ఇంత చేసినా లోపల ఏముందో ఎవరికీ తెలియదు. పెరిగేటప్పుడు ముడి చిన్న చిన్న రాళ్లనూ ఇసుకనూ కూడా తనలో కలిపేసుకుంటుంది. గిన్నె చెక్కి, నునుపు చేస్తుండగా చివరి నిమిషంలో ఆవగింజంత గుంట బయటపడొచ్చు. అంతే, ఖరీదైన పైపు కావాల్సింది చవక పైపుగా మారిపోతుంది. గుంటను లప్పంతో పూడ్చి, ముదురు రంగు పూసి తక్కువ ధరకు అమ్మేస్తారు. లేదంటే ఇసుకను గాలితో వేగంగా చిమ్మి కొడతారు. మెత్తటి భాగం తొలగిపోయి గట్టి వలయాలు గరుకుగా పైకి తేలతాయి. లోపాన్నే అందంగా మార్చిన ఆ పద్ధతికి లండన్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1917లో పేటెంటు తీసుకున్నాడు.

ఏ మచ్చా లేని ముక్క దొరికితే పండగే. గిన్నె అడుగునుంచి అంచుదాకా నిప్పుకీలల్లా గీతలు నిటారుగా లేచినవాటికి ఎక్కడలేని విలువ. గిన్నె అంచుమీదా అడుగునా అవే గీతలు పిట్టకళ్లలా చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తాయి. వందల ముక్కల్లో ఏ ఒకటో రెండో అలా కుదురుతాయి. మనిషి చేసేదల్లా దాన్ని పాడుచేయకుండా బయటికి తీయడమే.

ఒక్క పైపు... ఎన్నో చేతులు

సెయింట్ క్లోడ్‌లో ఒక పైపును ఒకే మనిషి మొదటినుంచి చివరిదాకా చేయడం అరుదు. ముక్కలు ఏరేవాడు ఒకడు. గిన్నె తిప్పేవాడు ఒకడు. పొగ దారి తొలిచేవాడు మరొకడు. గొట్టానికి నోటి కొసను బిగించడం, నునుపు చేయడం, రంగు పూయడం, మైనంతో మెరుగు పెట్టడం... ఒక్కో పనికి ఒక్కో జత చేతులు. మెరుగు పెట్టే పనిలో మహిళలూ ఎక్కువగా ఉండేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊళ్లో వేలమంది ఈ పనిమీదే బతికారు. నదీతీరం పొడవునా కార్ఖానాలే. లేత్ మీద ఒకే వంపును రోజుకు వందలసార్లు తిప్పిన చేతికి కొలబద్ద అక్కర్లేదు. కళ్లు మూసుకున్నా తప్పు పోదు.

ఆ పైపులమీద ఉండేది కంపెనీ ముద్ర. పనివాడి పేరు కాదు. చాలావాటిమీద కంపెనీ ముద్రా ఉండదు. 'సెయింట్ క్లోడ్' అనో, 'అసలైన బ్రుయేర్' అనో ఉంటుందంతే. 1879లో ఇక్కడి ఆన్రీ కొమోయ్ లండన్‌కు వెళ్లి కొమోయ్ పైపులు మొదలుపెట్టాడు. లండన్‌లోని పైపుల వ్యాపారులు ఎంతోకాలం గిన్నెల్ని ఈ కొండల నుంచే తెప్పించుకున్నారు. అంటే, ఇంగ్లిష్ దొర గొప్పగా పట్టుకున్న పైపు గిన్నెను తిప్పింది ఏ సెయింట్ క్లోడ్ కూలీయో అయి ఉండొచ్చన్నమాట.

ఇదే ఊళ్లో ఇంకో చిత్రం ఉంది. కెథెడ్రల్‌లో గాయకబృందం కూర్చునే చెక్క ఆసనాలు పదిహేనో శతాబ్దంలో చెక్కినవి. 1983లో మంటల్లో కొంత కాలిపోతే మళ్లీ బాగుచేశారు. వాటిని చెక్కినవాడి పేరు చరిత్రకు తెలుసు... జెహాన్ ద వీత్రీ. అక్కడికి నాలుగడుగుల దూరంలో, మ్యూజియం అద్దాల వెనకున్న వందల పైపుల్లో చాలావాటిని చేసిందెవరో చెప్పేవారు లేరు.

సంతకం ఖరీదు

మరి వేల డాలర్ల పైపులు ఎక్కడివి? పేరున్న చేతులవి. ఆ కథ తెలియాలంటే ఫ్రాన్స్ కొండలు దిగి డెన్మార్క్ దాకా వెళ్లాలి.

సిక్స్‌టెన్ ఇవార్సన్ అనే స్వీడన్ మనిషి (1910-2001) కోపెన్‌హాగన్‌లో విరిగిన పైపులు బాగుచేసేవాడు. రోజూ ఇతరుల తప్పులు విప్పి చూస్తూ కూర్చున్నవాడికి సొంత ఆలోచన పుట్టింది. పాత అచ్చుల్ని పక్కనపెట్టి, చెక్కలోని గీతలు ఎటు పోతే ఆకారాన్ని అటే పోనిచ్చాడు. ముక్క ఎంచుకోవడం నుంచి చివరి మెరుగు దాకా అన్నీ తనే చేసి పేరు వేసుకున్నాడు. కొడుకు లార్స్, మనవరాలు నానా అదే దారి పట్టారు. ఆయన దగ్గర నేర్చుకున్న పౌల్ రాస్ముసెన్ చనిపోతే ఆయన భార్య ఆన్ జూలీ ఆ కార్ఖానాను తన చేతుల్లోకి తీసుకుని పేరున్న కళాకారిణి అయింది. స్వీడన్‌లో బో నోర్డ్ (1941-2006) మోటార్‌సైకిల్ ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీకే పరిమితమైనా, చెక్కలోని గీతలకు ఆయనలా ఆకారమిచ్చినవారు అరుదని సేకర్తలు చెప్పుకుంటారు. ఆయన ఏడాదికి చేసిన పైపులు కొద్దే. ఇప్పుడు అవి చేతులు మారితే వేల డాలర్లు.

ఆ ధర దొంగ ధరేమీ కాదు. ఒకే మనిషి రోజుల తరబడి పెట్టిన శ్రద్ధ ఉంది. నచ్చక పొయ్యిలో పడేసిన ముక్కల నష్టమూ ఉంది. చిన్న సేకర్తకు ఇదంతా తెలుసు. అందుకే ఆ ధర చూసి కోప్పడడు. బొమ్మల పుస్తకంలో, ప్రదర్శనల్లో, ఎవరో పెద్ద సేకర్త దయతలచి చేతిలో పెట్టినప్పుడు కళ్లారా చూసుకుంటాడు. జాగ్రత్తగా తిరిగిచ్చేస్తాడు.

చిన్న జేబు... పెద్ద చూపు

అలా చూసిచూసి కళ్లకు చదువొస్తుంది. అదే చిన్న సేకర్త ఆస్తి.

పైపు చేతికిస్తే ముందు బరువు చూస్తాడు. మాటల మధ్య పళ్లతో పట్టుకునేది కాబట్టి తేలిగ్గా ఉండాలి. తర్వాత సన్నటి దూది పుల్లను నోటి కొసలోంచి లోపలికి తోస్తాడు. ఎక్కడా తట్టుకోకుండా గిన్నె అడుగున బయటికి రావాలి. పొగ దారి సరిగ్గా గిన్నె అడుక్కే తెరుచుకోవాలి. కాస్త పైకి ఉంటే కింద తడి పొగాకు మిగిలిపోతుంది. గొట్టం, నోటి కొస కలిసేచోట గోరు గీరితే అతుకు తెలియకూడదు. నోట్లో పెట్టుకునే కొస పల్చగా ఉండాలి. చెక్కలో లప్పం మచ్చలేమైనా ఉన్నాయా అని దీపం కింద తిప్పి చూస్తాడు. లప్పానికి గీతలుండవు, దొరికిపోతుంది.

ఈ పరీక్షలన్నీ వేల డాలర్ల పైపుకు ఎలాగో, పాతసామాన్ల సంతలో దొరికే పైపుకూ అలాగే. యూరప్‌లో ఆదివారం సంతల్లో పాత పైపులు గంపల్లో పోసి అమ్ముతుంటారు. మసిపట్టి, నల్లటి ఎబొనైట్ కొస ఎండకు పాలిపోయి ఆకుపచ్చ తిరిగిన గోధుమరంగులో ఉంటాయి. కొనేవాళ్లు తక్కువ. చదువొచ్చిన కన్ను వాటిలోంచి ఒకదాన్ని ఏరుతుంది. ఇంటికి తెచ్చి స్పిరిట్‌తో లోపలంతా కడిగి, కొసను రుద్ది నలుపు తేల్చి, గిన్నెకు మైనం పడితే... అరవై డెబ్భై ఏళ్లనాటి గీతలు మళ్లీ లేచి నిలబడతాయి. పక్కన చిన్నగా 'సెయింట్ క్లోడ్' అన్న ముద్ర. ఏ వంకరా లేని పొగ దారి. గోటికి తగలని అతుకు. చేసినవాడు ఎవరో తెలియదు. తెలిసింది ఒక్కటే, వాడికి పని వచ్చు.

సెయింట్ క్లోడ్‌కు వచ్చే చిన్న సేకర్త వెతుక్కునేది ఆ మనిషినే.

కిరాణా కొట్టులో మొదలై...

ఆ మనిషి పైపులమీద కనబడకపోయినా ఊళ్లో కనబడతాడు. 1881లో ఇక్కడి కార్మికులు కలిసి ఓ సహకార కిరాణా కొట్టు పెట్టుకున్నారు. పేరు లా ఫ్రాటర్నెల్. అంటే సోదరభావం. మామూలుగా సహకార సంఘంలో లాభం వస్తే సభ్యులు పంచుకుంటారు. వీళ్లు పంచుకోకుండా అందరి అవసరాలకూ ఉమ్మడి నిధిగా పెట్టారు. 1910లో 'ప్రజల ఇల్లు' కట్టారు. అందులో నాటకశాల, గ్రంథాలయం, కాఫీ హోటలు, అచ్చుయంత్రం... పొద్దంతా చెక్కపొడిలో మునిగినవాళ్లు సాయంత్రం అక్కడ నాటకాలాడారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. సినిమాలు, సంగీతం, ప్రదర్శనలతో సందడిగా ఉంటుంది.

అదే ఊరు ఓ చీకటి రోజునూ చూసింది. 1944 ఏప్రిల్ 9. ఈస్టర్ ఆదివారం. నాజీ అధికారి క్లాస్ బార్బీ ఆదేశాలతో ఊళ్లోని మగవాళ్లను కూడలికి రప్పించారు. వారిలో 300 మందికి పైగా జర్మనీలోని బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి తరలించారు. సగానికి పైగా తిరిగి రాలేదు. అంత చిన్న ఊళ్లో, అన్ని జతల చేతులు. ఏ లేత్ ముందు ఎవరి పీట ఖాళీ అయిందో లెక్క రాసినవారు లేరు.

పైపు విరిగిందా?

ఫ్రెంచివాళ్లు 'పైపు విరగ్గొట్టుకున్నాడు' అంటే, చనిపోయాడని అర్థం. సెయింట్ క్లోడ్ పైపు కూడా విరిగిందా?

చాలావరకు విరిగిందనే చెప్పాలి. సిగరెట్ వచ్చాక పైపు వెనకబడింది. నింపి, వెలిగించి, ఆరితే మళ్లీ వెలిగించే ఓపిక ఎవరికుంది? కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వేలమంది పనిచేసిన చోట ఇప్పుడు మిగిలినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. చపూయీ, కొమోయ్ కుటుంబాల పేర్లు కలిసి ఏర్పడిన షాకోమ్ లాంటి పాత పేర్లు కొన్ని నిలిచాయి. పనితనం మరుగున పడకూడదని 1966లోనే పైపు నిపుణులు ఓ సంఘంగా ఏర్పడ్డారు.

ఇందులో బాధపడాల్సింది ఎంత, సంతోషించాల్సింది ఎంత అన్నది తేలిక ప్రశ్న కాదు. పొగాకు ఏటా ప్రపంచంలో 70 లక్షలకు పైగా ప్రాణాలు తీస్తోంది. పైపు పొగ మెల్లగా, హుందాగా లేచినా నోటికీ గొంతుకూ ఊపిరితిత్తులకూ చేసే చేటు చేస్తుంది. ఫ్రాన్స్ 1991లో పొగాకు ప్రకటనలను నిషేధించింది. 2008 నుంచి కాఫీ హోటళ్లలో పొగ మాన్పించింది. 2025లో పార్కులు, బీచ్‌లకూ ఆ నిషేధాన్ని విస్తరించింది. అవన్నీ మంచి నిర్ణయాలే. ఆ మంచికి మూల్యం కట్టినవాళ్లలో ఈ లోయ ఒకటి. చేసిన వస్తువు చెడ్డదని తేలినంత మాత్రాన చేసిన చేతి నేర్పు చెడ్డదైపోతుందా?

చిన్న సేకర్తల్లో చాలామంది ఈ చిక్కుముడిని తమ పద్ధతిలో విప్పుకున్నారు. వాళ్లు కొన్న పైపును వెలిగించరు. బీరువాలో వీణ పెట్టుకున్నట్టు పెట్టుకుంటారు. ఆదివారం పొద్దున మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ వెలుగులో ఓసారి తిప్పి చూసుకుంటారు.

మ్యూజియంలోంచి బయటికి వస్తే దుకాణాల్లో కొత్త పైపులు కనిపిస్తాయి. మచ్చలేనివి ఖరీదైన అరలో ఉంటాయి. కింది అరలో, లప్పం చుక్క ఒకటో రెండో ఉన్నవి. చిన్న సేకర్త చేయి కింది అరకే వెళ్తుంది. చుక్క ఎక్కడుందో వెతుకుతాడు. దొరుకుతుంది. చివరి నిమిషంలో బయటపడిన గుంటను ఎవరో ఓపిగ్గా పూడ్చి, బొటనవేలితో ఒత్తి, చుట్టూ గీతలకు సరిపోయేలా రంగు కలిపారు.

దాన్నే కొనుక్కుంటాడు.

ఎలా వెళ్లాలి?

పారిస్ నుంచి డోల్ పట్టణం దాకా వేగవంతమైన టీజీవీ రైళ్లున్నాయి. అక్కడి నుంచి సెయింట్ క్లోడ్‌కు కొండల మీదుగా సాగే రైలుమార్గం 123 కిలోమీటర్లు. ఫ్రెంచివాళ్లు దీన్ని 'స్వాలో పక్షుల దారి' అని పిలుస్తారు. దారిలో 36 సొరంగాలు, 18 ఎత్తైన వంతెనలు వస్తాయి. ఆ ప్రయాణం కోసమే వెళ్లేవాళ్లూ ఉన్నారు. స్విట్జర్లాండ్‌లోని జెనీవా నుంచి రోడ్డుమీదైతే రమారమి 60 కిలోమీటర్లు. పైపులు, వజ్రాల మ్యూజియంతోపాటు కెథెడ్రల్, మఠం శిథిలాలమీద కట్టిన కళల మ్యూజియం, ప్రజల ఇల్లు... అన్నీ నడిచి చూడొచ్చు. చలికాలంలో మంచు బాగా కురుస్తుంది కాబట్టి వేసవిలో వెళ్తే మేలు.